ఐదో రాట

తీయడానికి వీల్లేకుండా పాతినవాణ్ణి నేనే,
కాబట్టి తిట్టుకోవడానికి ఇంకెవరూ లేరు.

అడుగున వెడల్పు పెట్టు బాబూ, ఏనుగు పాదంలా,
అన్నాడు ఆ రోజు తాపీ సత్తెయ్య.
నూనె డబ్బాలకి అడుగు కోయించి, గోతుల్లో నిలబెట్టి
నాలుగు పాళ్ళు చిప్సు, రెండు పాళ్ళు గోదారి ఇసక,
ఒక పాలు సిమెంటు.
కోపానికి కొలత లేదు, ఉన్నదంతా పోశాను.
తగాదా బారెడు గట్టు గురించి,
గట్టు మీద నాలుగు కంద మొక్కల గురించి.
ఎవరు పీకారో ఇప్పటికీ తెలీదు.

పంతొమ్మిదేళ్ళు. ఒక్క రాటా ఒంగలేదు.

ఈ ఏడు కార్తీకం వెళ్ళినా వాన వెళ్ళలేదు.
కౌశిక డ్రెయిను ఎదురు తన్ని
చిట్టబ్బులు చేలో స్వర్ణ నేలకొరిగింది.
నాలుగో రోజుకి వెన్నుల మీదే మొలకలు.
ఆ వాసన తెలుసా మీకు?
పులిసిన గంజిలా ఉంటుంది,
కిటికీ మూసినా వస్తుంది.
ఎవడి చేలోంచి వస్తోందని ముక్కు అడగదు.

చైను మిషను పంచాయతీ రోడ్డు మీదే ఆగిపోయింది.
డ్రైవరు, తమిళ కుర్రాడు, దిగి
కాలవకీ నా రాటలకీ మధ్య
చేతులు బార చాపి కొలిచాడు.
తల అడ్డంగా ఊపాడు.
చిట్టబ్బులు నన్ను అడగలేదు.
అడిగితే కుదరదనేవాణ్ణి. నాకు తెలుసు,
వాడికీ తెలుసు.

గునపం తీసుకున్నాను.

మొదటిది మెడ దగ్గర విరిగింది.
తుప్పు తిన్న యాంగిలు చేతికొచ్చి
పాదం లోపలే ఉండిపోయింది,
పన్ను విరిగి చిగుళ్ళో ముక్క మిగిలినట్టు.
జేసీబీని పిలుద్దాం తాతా, అన్నాడు పండు.
జేసీబీ వస్తే రాటలతోపాటు గట్టూ పోతుంది,
గట్టు పోతే కాలవ వంటింట్లోకొస్తుంది.
నోరు మూసుకుని తాడు పట్టుకోమన్నాను.

మా నేల సంగతి చెప్తాను.
రెండడుగులు తవ్వితే నీళ్ళు.
ఒండ్రు ఊరికే పట్టుకోదు, పీల్చుకుంటుంది,
లాగే కొద్దీ లోపలికి.
దాని దగ్గర బలం పనిచెయ్యదు, ఊపాలి,
అటు కాస్త, ఇటు కాస్త,
పక్కన గునపం దింపి గాలి పోనివ్వాలి.
గాలి దూరినప్పుడు ఒక చప్పుడొస్తుంది,
బురదలోంచి గేదె కాలు తీసినట్టు.
అప్పుడు కొబ్బరి మొద్దు మీట వేసి
ఎక్కి కూర్చోవడమే.

రెండోది వచ్చింది. మూడోది. మొదటిదాని పాదం కూడా.
డబ్బా రేకు ఎప్పుడో తుప్పై పోయింది,
దాని గాళ్ళు మాత్రం సిమెంటు మీద అలాగే ఉన్నాయి.
ఒకచోట బొటనవేలి ముద్ర.
వేలు పెట్టి చూశాను, సరిపోలేదు.
నా వేలు లావెక్కిందో,
అది సత్తెయ్యదో.

నాలుగోది చెప్పుకోనక్కర్లేదు.
ఐదోది కదల్లేదు.
గంటసేపు. పొద్దు వాలిపోతోంది.
వెనకనించి మాట:
"అది లోతండి. దానికి రెండు డబ్బాలు,
ఒకదాని మీద ఒకటి."

చిట్టబ్బులు.
ఒరే అని పిలిచేవాడు,
పంతొమ్మిదేళ్ళకి నోరు తెరిచి అండీ అంటున్నాడు.
రెండు డబ్బాల సంగతి నేనే మరిచిపోయాను.
వాడు ఆ రోజు ఏ చెట్టు చాటునుంచో
లెక్కపెట్టాడన్నమాట.
నా పెళ్ళిలో కూడా
నన్నెవరూ అంత శ్రద్ధగా చూడలేదు.

మొద్దు మీద జరిగాను. పక్కన కూర్చున్నాడు.
కంద సంగతి వాడెత్తలేదు, నేనూ ఎత్తలేదు.
ఇద్దరి బరువుకీ ఐదోది లేచింది,
మెల్లిగా, నిద్ర చెడినవాడిలా.

లైట్లు వేసుకుని మిషను రాత్రంతా కోసింది.
సగం గింజ రంగు మారింది,
మిల్లువాడు బస్తాకి మూడొందలు తగ్గించాడు.
వాడి భార్య మంగాయమ్మ
ఒక సిమెంటు పాదాన్ని దొర్లించుకుపోయి
రేవులో బట్టల బండ చేసుకుంది,
నన్నడగనే లేదు.
గోతుల్లో తెల్లారేసరికి నీళ్ళు,
నీళ్ళలో కప్పలు.

ఆరోది ఉంచేశాను.
మిషనుకి అది అడ్డం కాదు,
గేదెని కట్టుకోవచ్చు.
ఇంకేం అనుకోకండి.